లాభం అన్న పన్ను

ముందే చెబుతున్నాను. ఈ కథ చివర నా కారు, నా లెక్క, మా అత్తగారి ముందు నా పరువు మూడూ ఒకే చోట ఆగిపోతాయి. జాలి పడేవాళ్ళు ఇప్పుడే పడిపోండి, తర్వాత నవ్వడానికే సరిపోతుంది.

మాది రామచంద్రపురం. ధాన్యం మిల్లులో కాటా దగ్గర కూర్చుంటాను. లెక్కలు నాకెవరూ నేర్పలేదు, నాకు నేనే నేర్చుకున్నాను. మెట్లెక్కితే మెట్లు లెక్కపెడతాను, పెళ్ళిలో భోంచేస్తే వడ్డనలో ఎన్ని రకాలు వచ్చాయో లెక్కపెడతాను. ఈ గుణమే నన్ను ముంచింది.

ఎనిమిదేళ్ళ క్రితం కార్తీక మాసం. ఒక్క రోజులో పంచారామాలు ఐదూ దర్శించాలన్నది మా అత్తగారి చిరకాల కోరిక. ఏటా ఏదో ఒకటి అడ్డొచ్చేది. ఆ ఏడు ఆవిడ మోకాళ్ళు చూపించి, "వచ్చే ఏడు ఇవి నన్ను మోస్తాయో లేదోనండి" అన్నారు. "సోమవారం నేను తీసుకెళతానండీ" అని మాటిచ్చేశాను.

మాటిచ్చాక లెక్క వేశాను. కారు మీటరు 99,590 దగ్గరుంది. ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం, అమరావతి చూసుకుని తిరిగి ఇంటికొస్తే 540 కిలోమీటర్లు. లక్ష నిండితే టైమింగ్ బెల్టు మార్చాలని పుస్తకంలో రాసుంది. ఇంజన్ పక్కన కింది చక్రాన్నీ పై చక్రాన్నీ కలిపి తిప్పే పళ్ళ రబ్బరు పట్టా అది. అంటే తిరుగు ప్రయాణంలో, ఏలూరు దాటిన కాసేపటికి, ఆ బెల్టు నా లెక్క ప్రకారం తెగి తీరాలి.

మెకానిక్ సూరిబాబు దగ్గరికి పరిగెత్తాను.

"కార్తీక మాసమండీ, ఊళ్ళో బళ్ళన్నీ నా దగ్గరే ఉన్నాయి. మంగళవారం తీసుకురండి."

"ప్రయాణం సోమవారమయ్యా!"

"అయితే ఇలాగే వెళ్ళిపోండి. లక్ష నిండగానే తెగిపోడానికి బెల్టేమైనా పంచాంగం చూసుకుంటుందా ఏంటండీ?"

లెక్కకు విలువివ్వని మనిషితో ఏం వాదిస్తాం? కొత్త బెల్టు కొనుక్కుని ఇంటికొచ్చేశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను శుభ్రంగా కాళ్ళు కడుక్కుని మరీ వెళ్ళి అడుసు తొక్కాను.

ఆదివారం పొద్దున్నే పెరట్లో పని మొదలైంది. నా దగ్గరున్నవి ఒక జాకీ, ఒక స్పానర్ల సెట్టు, నాలుగు ఇటుకలు, వంటింట్లోంచి తెచ్చిన అప్పడాల కర్ర. ఫోనులో వీడియో ఉంది. అందులో ఆయన మాట్లాడే భాష ఏ దేశానిదో ఇప్పటికీ తెలియదు. కానీ చెయ్యాల్సింది అర్థమైంది. పై చక్రం మీద కంపెనీవాళ్ళు చెక్కిన చిన్న గుంట ఉంటుంది, కింది చక్రం మీద మరొకటి. ఆ రెంటికీ మధ్య పాత బెల్టుకు ఎన్ని పళ్ళున్నాయో, కొత్త బెల్టుకూ అన్నే ఉండాలి. ఇక నాకు భయమేంటి? పళ్ళు ఏ భాషలోనైనా పళ్ళే కదా!

కాగితాల మీద తప్పులు దిద్దే తెల్ల రంగుతో రెండు గుంటల మీదా, వాటికి ఎదురుగా పాత బెల్టు మీదా చుక్కలు పెట్టాను. బెల్టు ఊడదీసి చుక్క నుంచి చుక్కకి లెక్కపెట్టాను.

"ఒకటి, రెండు, మూడు..."

"ఏవండీ, కొబ్బరి పచ్చడా, అల్లం పచ్చడా?" మా ఆవిడ కిటికీలోంచి.

"ఇరవై ఆరు!"

"ఇరవై ఆరు ఇడ్లీలా?"

మళ్ళీ మొదటి నుంచి. ఈసారి నలభై మూడు వచ్చింది. ఇంకోసారి లెక్కపెట్టినా నలభై మూడే. నోటు పుస్తకంలో రాసి, కింద రెండు గీతలు గీసి, టిఫినుకి లోపలికెళ్ళాను.

తిరిగొచ్చి చూస్తే నా ఇంజను పెళ్ళికూతురైపోయి ఉంది. జాకీకి బొట్టు, స్పానర్లకి బొట్టు, ఇటుకలకి బొట్టు, కొత్త బెల్టుకి పసుపూ కుంకుమా. మొత్తం పదకొండు బొట్లు. పక్కనే అత్తగారు కుంకుమ భరిణె పట్టుకుని నిలబడి ఉన్నారు.

"అత్తయ్యగారూ, పై చక్రం మీద తెల్ల చుక్క ఏదండీ?"

"అదా? కాకి రెట్ట వేసిందండి. శుభ్రంగా తుడిచేశాను."

"కాకి కాదండీ, నేను!"

ఆవిడ నన్నొకసారి అనుమానంగా చూశారు.

"ఆ చుక్క సరిగ్గా ఎక్కడుందో గుర్తుందాండీ?"

"గుర్తెందుకుండదు? తుడిస్తే అక్కడే చిన్న గుంట కనబడింది, అందులోనే బొట్టు పెట్టాను. నున్నటి ఇనుము మీద కుంకుమ నిలవదు కదండీ."

ఆ మాట ఆ క్షణాన విని ఉంటే ఈ కథే లేదు. కానీ నేను బొట్టు తుడిచి కిందేముందో చూద్దామని గుడ్డ తీశాను.

"అయ్యయ్యో! పెట్టిన బొట్టు చెరపకూడదండి! రేపు గుళ్ళకి వెళ్ళే బండి!"

గుడ్డ జేబులో పెట్టుకున్నాను. కింది చక్రానికి వంగలేక ఆవిడ దాని జోలికి వెళ్ళలేదు, ఆ చుక్క అలాగే ఉంది. చాలు. అక్కడి నుంచి కొత్త బెల్టు మీద నలభై మూడు పళ్ళు లెక్కపెట్టుకుంటే సరిపోతుంది.

"ఒకటి..." అన్నాను.

"మొదటిదాన్ని ఒకటి అంటారేంటండీ? లాభం అనాలి. ధాన్యం మిల్లులో పని చేస్తూ మీరే ఇలా అంటే ఎలా?"

నిజమే. మా మిల్లులో కొలత ఇవాళ్టికీ లాభంతోనే మొదలవుతుంది. లాభం, రెండు, మూడు. ఒకటి అనే మాటే రాదు. కానీ పొద్దున్నుంచీ నా నోటికి ఒకటి అలవాటైపోయింది. అత్తగారి తృప్తి కోసం పెద్దగా "లాభం" అన్నాను. ఆ తర్వాత పన్ను దగ్గర, నా తృప్తి కోసం, "ఒకటి" అన్నాను. నలభై మూడు దాకా వెళ్ళి, గుర్తు పెట్టి, బెల్టు ఎక్కించాను.

చూద్దును కదా, నా గుర్తు బొట్టు దగ్గర లేదు! ఒక పన్ను అవతలుంది.

చాలాసేపు తల పట్టుకున్నాను. బొట్టు ఒకటి చెబుతోంది, లెక్క ఇంకొకటి చెబుతోంది. చివరికి తేల్చుకున్నాను. కుంకుమ తప్పొచ్చు, లెక్క తప్పదు. బొట్టున్న పై చక్రాన్ని స్పానరుతో ఒక పన్ను తిప్పి నా గుర్తుకి కలిపి, అప్పడాల కర్రతో బెల్టు బిగువు చూసి, బోల్టులు బిగించేశాను. వీడియోలో చెప్పినట్టు ఇంజన్ని చేత్తో రెండు చుట్లు తిప్పి చూశాను. బొట్టు మొదట ఉన్న చోటికి ఒక పన్ను పక్కనే ఆగింది. తప్పు బొట్టుదేనని రెండోసారి రుజువైంది.

సోమవారం తెల్లవారుతుండగా బయలుదేరాం. ముందు సీట్లో అత్తగారు, వెనక మా ఆవిడ, ఒళ్ళో పులిహోర డబ్బా. కారు స్టార్టయింది కానీ, జ్వరమొచ్చిన గేదెలా వణికింది.

"ఏవండీ, ఏంటీ ఊపు?"

"కొత్త బెల్టు కదా, సర్దుకుంటోంది."

కాలవ గట్టు మీద పాలక్యాన్లు కట్టుకున్న సైకిలాయన మమ్మల్ని దాటిపోయాడు. దాటిపోతూ వెనక్కి తిరిగి జాలిగా చూశాడు కూడా. ఏడు కిలోమీటర్లకి నలభై నిమిషాలు పట్టింది. ద్రాక్షారామం గుడి ముందుకొచ్చి కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎన్నిసార్లు తాళం తిప్పినా ఉలకలేదు.

అత్తగారు దిగి, గోపురానికి దణ్ణం పెట్టుకుని, నెమ్మదిగా అన్నారు. "ఇది నేను ప్రతి సోమవారం షేర్ ఆటోలో వచ్చే గుడేనండి, అల్లుడుగారూ."

తిట్టినా బావుండేది.

ఫోను చేస్తే సూరిబాబు మధ్యాహ్నానికి వచ్చాడు. మూత విప్పి, చాలాసేపు చూసి, "ఈ బొట్టు ఎవరు పెట్టారండీ?" అన్నాడు.

"నేనే బాబూ. తప్పయిందా?" అన్నారు అత్తగారు, కంగారుగా.

"తప్పేంటండీ! కంపెనీ గుర్తు మీద గురి చూసి పెట్టారు. దీన్ని చూసి బిగించుంటే ఈపాటికి మీరు పాలకొల్లు దాటేసేవారు." తర్వాత నేను డిక్కీలో పడేసిన పాత బెల్టు తీసి, దాని పళ్ళూ కొత్త బెల్టు మీద నా గుర్తుల మధ్య పళ్ళూ లెక్కపెట్టాడు. "దీనికి నలభై మూడు, దీనికి నలభై నాలుగు. ఈ ఒక్కటీ ఎక్కడి నుంచొచ్చిందండీ?"

నేను చెప్పుల వైపు చూసుకున్నాను. మా ఆవిడ పులిహోర డబ్బా వైపు చూసింది. అత్తగారు ఒక్కరే ధైర్యంగా జవాబు చెప్పారు.

"అది లాభం బాబూ."

సూరిబాబు మా ముందు నవ్వలేక కారు కిందకి దూరిపోయాడు. కిందనుంచి కూడా నవ్వు వినబడింది.

మరుసటి సోమవారం అత్తగారు పంచారామాల బస్సెక్కి ఐదూ ఒక్క రోజులో చూసొచ్చారు. మోకాళ్ళకి నూనె రాసుకుంటూ, నాకు వినబడేలా వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. "లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు. సరిపోయాయండి."

ఆ రాత్రి భీమేశ్వరస్వామి ప్రసాదం చేతిలో పట్టుకుని నేనొక ప్రతిజ్ఞ చేశాను, నేటికీ తప్పలేదు. లాభం, ఇంజను మూత నా చేత్తో ఎత్తను. రెండు, ఎవరైనా ఎత్తితే పళ్ళు లెక్కపెట్టను. మూడు, ఎప్పుడైనా నా లెక్కకీ అత్తగారి బొట్టుకీ తేడా వస్తే, నోరు మూసుకుని నా లెక్కనే చెరిపేస్తాను. బొట్టు చెరపకూడదు కదండీ.