ఆ లింకులు పెట్టినవాడి పేరు

కరోనా తగ్గి, హైదరాబాద్ రాయదుర్గం ఐటీ టవర్లలో జనం మళ్లీ మెడలో ఐడీ కార్డులు వేసుకున్న ఏడాది అది. కొండాపూర్‌లో మా చిన్న ఆఫీసు. వెబ్‌సైట్లు సెర్చ్‌లో పైకి వచ్చేలా చూడటం, అంటే ఎస్.ఈ.ఓ., నా పని.

ప్రగతి నగర్ నుంచి సుజాతక్క వచ్చింది. ఇంటి పై అంతస్తులో ఆరుగురు ఆడవాళ్లతో పెళ్లి బ్లౌజులకు మగ్గం వర్క్ చేయిస్తుంది. ఆర్డర్లన్నీ వెబ్‌సైట్ చూసి వచ్చేవే. ఆ సైటు ఉన్నట్టుండి సెర్చ్‌లో కనబడకుండా పోయింది.

"పేరు కొట్టినా వస్తలేదు తమ్మీ. పని లేక ఒకామె అప్పుడే హౌస్‌కీపింగ్‌ల చేరింది. ఇగ మిగిలినోళ్లను ఏమని ఆపాలె? జర చూడు."

చూస్తే మాన్యువల్ యాక్షన్. అంటే సెర్చ్ కంపెనీ మనిషే సైటును పరిశీలించి వేసిన శిక్ష. ర్యాంకు కోసం సంబంధంలేని చోట్ల లింకులు అతికించారట. శిక్ష ఎత్తేయమని రీకన్సిడరేషన్ రిక్వెస్ట్ పెట్టుకోవాలి. నాకిదో లెక్కా అనుకుని, "మాకేం తెలియదు, పోటీవాళ్ల పనై ఉంటుంది" అని గొప్ప ఇంగ్లీషులో రాసి పంపాను. కుదరదన్నారు. ఒళ్లు మండిపోయింది.

ముందే చేయాల్సిన పని అప్పుడు చేశాను. లింకుల జాబితా తెరిచి ఒక్కొక్కటే చూశాను. క్రికెట్ ఫోరాల్లో, తలనొప్పి మందుల పేజీల కింద పెళ్లి బ్లౌజుల లింకులు! ఎవడ్రా ఈ తెలివితక్కువ వెధవ అని తిట్టుకుంటూ, పెట్టినవాడి పేరు చూద్దును కదా, అది నాదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ కంపెనీలో రోజుకు ఇన్నని లింకులు పెట్టేవాణ్ణి, సైటు ఎవరిదో కూడా చూడకుండా. అక్కది వాటిలో ఒకటి. సిగ్గుతో చచ్చిపోయాను.

చెబితే ఇంకొకరి దగ్గరికి వెళ్లిపోతుందేమోనని రెండు రోజులు నాన్చాను. చివరికి ప్రగతి నగర్ వెళ్లాను. "అక్కా, తప్పు నాదేనండి. ఆ లింకులు పెట్టింది నేనే."

మగ్గం మీద ఆమె చేయి ఆగింది. "గట్లనా! మరి మొదలు పంపిన కాయితంల ఏం రాసినవ్?"

"ఇంకెవరో చేశారని రాశానండి."

"ఏంది తమ్మీ గిది! కుట్టు తప్పితే కొందరు మీద పూస కుట్టి దాస్తరు. రెండుసార్లు తొడిగితే బయటపడ్తది. విప్పుడే మంచిది. కుట్టింది నువ్వే గదా, యాడ విప్పాలెనో నీకే ఎరుక."

నిజమే. నా పాత మెయిల్ ఐడీ ఇంకా పనిచేస్తోంది. దాంతో ఆ ఫోరాల్లో, పేజీల్లో లాగిన్ అయి, చేతనైనన్ని లింకులు తీసేశాను. తీయలేనివాటిని లెక్కలోకి తీసుకోవద్దని ఒక జాబితా ఇచ్చాను. దాన్ని డిసవౌ ఫైలు అంటారు. రెండో లేఖ నాలుగు వాక్యాలే: ఇవి నేనే పెట్టాను, ఇవి తీశాను, ఇవి నా వల్ల కాలేదు, మళ్లీ పెట్టను.

కొన్ని వారాలకు శిక్ష ఎత్తేశారు. సైటు ఒక్కరోజులో పైకేమీ ఎక్కలేదు. కానీ నెలాఖరుకు అక్క ఫోన్ చేసింది. "నిజామాబాద్ నుంచి పెండ్లి ఆర్డర్ వచ్చింది తమ్మీ! ఆన్‌లైన్ల జూసిండ్రట. పోయినామెను మల్లా రమ్మన్న." నా సంతోషం ఇంతా అంతా కాదు.

ఏం చేశామో చెప్పకుండా క్షమించమని అడగకూడదని ఆ కేసు నాకు నేర్పింది. నా పాత మెయిల్ మొత్తం వెతికాను. నేను లింకులు పెట్టిన సైట్లలో ఇంకా నడుస్తున్నవి మూడు కనిపించాయి. వాళ్లెవరూ నన్ను ఏమీ అడగలేదు. నేనే ఫోన్ చేసి, "మీకు తెలియకుండా మీ సైటుకో తప్పు చేశానండి, సరిచేయనివ్వండి" అన్నాను.