హజరత్తయ్య గారి సగం గ్లాసు నీళ్లు

హజరత్తయ్య గారికి ఎవరు మంచినీళ్లిచ్చినా సగం తాగి, మిగతా సగం నేలమీద పోసేవారు. పోసి, ప్యాంటు మోకాళ్ల దగ్గర కాస్త పైకి లాక్కుని, గొంతుక్కూర్చుని, ఆ నీళ్లు ఎటు పోతాయో చూసేవారు. అలా చూస్తున్నంతసేపూ ఆయన మొహం, ఉయ్యాల్లో నిద్రపోతున్న పసిబిడ్డను చూసే మనిషి మొహంలా ఉండేది. ఇల్లు, బ్యాంకు, ఆస్పత్రి అన్న తేడా లేదు. ఒకసారి కమిషనర్ గారి గదిలోనూ పోశారు. "సార్, మీ కుర్చీ పల్లంలో ఉండాది" అని చెప్పి వచ్చేశారు. మూడో నెలలో ఆ కమిషనర్‌కు బదిలీ అయితే, నీళ్లకు ముందే తెలిసిందని ఆఫీసంతా చెప్పుకుంది.

మాది ఉప్పుమిట్ట. సముద్రానికి నాలుగు కిలోమీటర్లు. ఊరి పేరులో మిట్ట ఉంది కానీ ఊళ్లో ఎక్కడుందో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. అక్కడి మున్సిపాలిటీలో హజరత్తయ్య గారు వర్క్ ఇన్‌స్పెక్టర్. నేను సుప్రియను, కొత్తగా చేరిన వార్డు సెక్రటరీని. చేరిన రోజే ఆయనకు మర్యాదగా నీళ్లిచ్చి, నా టేబులు కింద చిన్న చెరువు తయారుకావడం చూశాను.

"సార్, గుడ్డ తెస్తాను" అన్నాను.

"ఆగు మ్మా. ఇంకా పోతా ఉండాది."

ఆ నీళ్లు నా చెప్పు పక్కనుంచి, తొందరేమీ లేనట్టు, మధ్యలో ఒకచోట ఆగి ఆలోచించుకుని, ఫైళ్ల బీరువా కిందికి వెళ్లాయి. కిటికీలోంచి పడ్డ ఎండ వాటిమీద కాసేపు వణికింది. ఎందుకో నేనూ కూర్చుని చూస్తూ ఉండిపోయాను.

"నవంబరులోగా ఆ బీరువాను ఎదురుగోడకి మార్పించు" అన్నారాయన లేస్తూ.

నేను మార్పించలేదు. నవంబరు వానలకు తడిసిన ఫైళ్లను ఒక్కో కాగితం ఆరబెట్టుకుంటుంటే, ఆయన వచ్చి పక్కన కూర్చుని సాయంత్రం దాకా నాతోపాటు కాగితాలు తిప్పారు. నేను చెప్పలేదా అని మాత్రం అనలేదు.

వాళ్లావిడ విజయకుమారి గారిని ఒకసారి అడిగాను, ఈ అలవాటు ఎప్పటినుంచని.

"పెండ్లిచూపులకి వచ్చినప్పుడే ఉండాది" అందామె. "నేనే నీళ్లిచ్చినా. సగం తాగి మా నాయన కాళ్ల కాడ పోసినాడు. అందురూ బిత్తరపోయినారు. నన్ను చూడ్డానికి వచ్చినోడు నీళ్లను చూస్తా కూర్చున్నాడు. నాకు నవ్వొచ్చి, 'అది మంచం కిందికి పోతాదిలే' అన్నా. అట్నే పోయింది. అప్పుడు తలెత్తి నన్ను చూసినాడు. ఆ చూపు చూసి ఒప్పుకున్నాలే."

రెండేళ్ల కిందట డిసెంబరులో వాయుగుండం పట్టుకుంది. పల్లపువీధిలో మోకాళ్లలోతు నీళ్లు మూడు రోజులు నిలిచిపోయాయి. మా ఊరి వాననీళ్లు పోవడానికి ఉన్నది ఒక్కటే కాలువ. సముద్రం పోటుమీద ఉంటే అది కూడా వెనక్కి పారుతుంది. కాలువ వెడల్పు చేయాలి, పోటునీళ్లు రాకుండా షట్టరు పెట్టాలి, కరకట్ట ఎత్తు పెంచాలి అన్నారు ఇంజనీర్లు. సర్కారు కొంత ఇస్తామంది, మిగతాది ఊరే తెచ్చుకోమంది. అందుకు మున్సిపాలిటీ వాననీటి రుసుము పెడదామనుకుంది. జనం ఒక్కరోజులో దానికి వానపన్ను అని పేరు పెట్టేశారు.

ఇంటింటికీ ఒకటే రేటు అయితే తలనొప్పి ఉండదని కౌన్సిల్లో ఎక్కువమంది అన్నారు. హజరత్తయ్య గారికి అది మింగుడుపడలేదు. ఏ ఇంటి స్లాబు మీదనుంచి, ఏ ఇంటి సిమెంటు వాకిట్లోనుంచి ఎంత వాన వీధిలోకి వస్తుందో, ఆ ఇంటికి అంతే రుసుము ఉండాలని ఆయన పట్టుదల. సరే, కొలిచి చూపించమన్నారు. టేపు ఒక కొస ఆయన, ఇంకో కొస నేను పట్టుకుని బయల్దేరాం. ఎండకు తిరుగుతున్నాం కదా అని ప్రతి ఇంట్లోనూ మంచినీళ్లిచ్చేవాళ్లు. ప్రతి ఇంట్లోనూ ఆయన సగం పోసేవారు. పదహారు రోజుల్లో ఊరంతా తడిసింది.

"వానపన్ను వేసేదానికి వచ్చి మీరే వాన కురిపిస్తా ఉండారే" అన్నదొక ముసలమ్మ.

"శాంపిలు మ్మా" అన్నారాయన.

అన్నిటికంటే పెద్ద వాకిలి విజయభాస్కర్ గారి కల్యాణమండపానిది. గోడ నుంచి గోడ దాకా సిమెంటు. గడ్డిపోచకు కూడా చోటు లేదు. టేపు మూడుసార్లు చాలక, నాలుగోసారి పరిచేసరికి ఆయన బయటికి వచ్చాడు.

"ఏంది హజరత్తయ్యన్నా, వానను నేనేమన్నా పిలిపించినానా? దేవుడు పోస్తా ఉంటే నాకు బిల్లేస్తావా?"

"దేవుడు అందురికీ పోస్తాడు నాయనా. నువ్వు నీ వాటా వీధిలోకి పంపిస్తా ఉండావు."

"పోతే పోతాది. యాడికో ఒకచోటికి పోతాది గదా."

"యాడికి?" అన్నారు హజరత్తయ్య గారు, నిజంగా తెలుసుకుందామని.

విజయభాస్కర్ గారు గేటు దాకా చూశాడు. ఆ తర్వాత ఎటో ఆయనకు తెలియదు.

కౌన్సిల్ మీటింగు ఒక శుక్రవారం పదకొండు గంటలకు. ఒకటే రేటు పెట్టాలని అర్జీ తీసుకుని విజయభాస్కర్ గారు కూడా వచ్చి వెనక కూర్చున్నాడు. మా కొలతల కాగితాలు ఎవరూ విప్పనేలేదు. చైర్‌పర్సన్ ఆనందకుమారి గారు చేతులెత్తమని అడగబోతుండగా బయట వాన మొదలైంది. హజరత్తయ్య గారు లేచి నిలబడ్డారు. ఆయనకు నలుగురిలో మాట్లాడటం రాదు. గొంతు సవరించుకున్నారు, కాగితాలు సర్దుకున్నారు, మళ్లీ గొంతు సవరించుకున్నారు.

"మేడం, ఒక్క అరగంట అందురూ బయటికి వస్తారా?"

"వాన పడతా ఉండాది గదా హజరత్తయ్యా."

"అందుకే మేడం."

ఆమె ఎందుకు లేచారో ఇప్పటికీ నాకు తెలియదు. ఆమె లేచాక మిగతావాళ్లకు తప్పలేదు.

ఆ ఉదయం కల్యాణమండపంలో పెళ్లి అయిపోయింది. స్తంభాలకు చుట్టిన బంతిపూలు తెంపి వాకిట్లో పారేశారు. మేము వెళ్లేసరికి వాన ఆ వాకిలంతా పలుచగా పరుచుకుని, పూలను ఒక్కొక్కటిగా లేపి గేటు వైపు తోలుతోంది. హజరత్తయ్య గారు గొడుగు లేకుండా వాటి వెనక నడిచారు. మేము ఆయన వెనక నడిచాం.

ఆ నడక నాకు కలలాగే గుర్తుంది. పసుపుపచ్చ పూలు, ఆరెంజి పూలు రోడ్డు అంచు పట్టుకుని నెమ్మదిగా పోతున్నాయి. నల్లగొడుగులు పట్టుకుని ఊరి పెద్దలంతా వాటి వెనక, ఊరేగింపులో ఉన్నట్టు. బడిగోడ దగ్గర పూలు ఆగి గిర్రున తిరిగితే కౌన్సిలంతా ఆగింది.

"ఉండండి. ఇంకా పోతా ఉండాయి" అన్నారాయన.

పూలు కదిలాయి. కౌన్సిలు కదిలింది. బస్‌షెల్టరు దగ్గర ఒక కౌన్సిలర్ గారి చెప్పు ఊడి పూలలో కలిసింది. ఆయన దాన్ని పట్టుకోబోయి, ఎటు పోతుందో చూద్దామని వదిలేశాడు. తూర్పునుంచి ఉప్పుగాలి వస్తోంది. వీధి కిందికి దిగుతున్నట్టు కాళ్లకు తెలియడంలేదు గానీ నీళ్లకు తెలుసు.

పూలన్నీ పల్లపువీధిలో, రేకుల ఇంటి గడప ముందు చేరాయి. అది జమాల్‌బీ ఇల్లు. పాతచీరలతో బొంతలు కుట్టి అమ్ముకునే మనిషి. పళ్లెంతో నీళ్లు తోడి బయట పోస్తున్నదల్లా, గొడుగుల గుంపును చూసి ఆగిపోయింది.

"ఈ పూలు…" అన్నాడు విజయభాస్కర్ గారు.

"ఏడేండ్ల నుంచి వస్తా ఉండాయి నాయనా" అంది జమాల్‌బీ. "యాడనో పెండ్లి అయినట్టుంది, పిల్లలు సల్లగా ఉండాల అనుకుంటా ఉంటా."

ఆ మండపం కట్టి ఏడేళ్లయింది. విజయభాస్కర్ గారు గొడుగు ముడిచి, ఎందుకు ముడిచాడో మరచిపోయినట్టు వానలో నిలబడ్డాడు. తిరిగివచ్చేటప్పుడు హజరత్తయ్య గారి పక్కన చేరాడు.

"అన్నా, నా వాన నా గేటు దాటకుండా చేస్తే?"

"రుసుము తగ్గుతాది. సగం సిమెంటు పగలగొట్టి ఇంకుడుగుంతలు తవ్వు. యాడ తవ్వాలో నేను చూపిస్తా. ఒక గ్లాసు నీళ్లియ్యి చాలు."

కొలతల ప్రకారమే రుసుము ఖాయమైంది. చిన్న ఇళ్లకు, రేకుల ఇళ్లకు మాఫీ. విజయభాస్కర్ గారు నిజంగానే గుంతలు తవ్వించాడు. ఏడాది తిరిగేసరికి కాలువ వెడల్పయింది, షట్టరు వచ్చింది. కరకట్ట పని సగంలో ఉంది. మొన్నటి డిసెంబరులో పల్లపువీధిలో చేరిన నీళ్లు ఒక పూట నిలిచి వెళ్లిపోయాయి.

రుసుము ఖాయమైన వారానికి మాఫీ కాగితాలు పంచడానికి పల్లపువీధికి వెళ్లాను. జమాల్‌బీ లోపలికి రమ్మంది. ఒక మూలన తొడ ఎత్తున సిమెంటు దిమ్మె. దానిమీద పొయ్యి, బియ్యం డబ్బా, మడతపెట్టిన బొంతలు. పక్కింట్లోనూ దిమ్మె ఉంది, ఇంకో మూలన. ఆ తర్వాతి ఇంట్లో దిమ్మె మీద మంచం పట్టిన తాత పడుకుని రేడియో వింటున్నాడు.

"ఎవరు కట్టారు?" అని అడిగాను.

"మీ సారే. ఆదివారం ఆదివారం స్కూటరు మీద సిమెంటు పెట్టుకుని వచ్చేవాడు. సర్కారు టెస్టు, ఎవురికీ చెప్పొద్దన్నాడు." జమాల్‌బీ నవ్వింది. "ముందు నీళ్లడిగినాడు. సగం తాగి ఇల్లంతా పోసినాడు. నీళ్లు యాడికి పోతాయో చూస్తా ఉండాడని అనుకున్నా. కాదంట. యాడికి పోవో చూస్తా ఉన్నాడంట. ఆడ కట్టినాడు."

ఆఫీసుకు తిరిగివచ్చేసరికి ఆయన కిటికీ దగ్గర కూర్చుని బయటి చినుకులు చూస్తున్నారు.

"సార్, పల్లపువీధిలో ఇరవైమూడు ఇళ్లలో దిమ్మెలున్నాయి."

"ఉంటాయి మ్మా."

"సర్కారు టెస్టంట. ఏ జీవోలో ఉంది సార్?"

ఆయన కిటికీ అంచున ఒక చినుకు జారి పడేదాకా చూశారు.

"రిజల్టు ఇంకా రాలేదు మ్మా. అది వచ్చినాక జీవో వస్తాది."

ఆయన నావైపు తిరిగారు.

"ఇంకా ఆరిళ్లు ఉండాయి. నీకు ఇసక జల్లించడం వచ్చునా?"

"రాదు సార్."

"అయితే ఆదివారం పొద్దున్నే ఆరుగంటలకి వచ్చెయ్. పాత చెప్పులు వేసుకో."