పంచదారలో పాళ్లు చెప్పిన మేష్టారు

మా వీధి చివరింటి మేష్టారు పోయారని సోమవారం పొద్దున్న ఆయన శిష్యుడొకరు వచ్చి చెప్పారు. కొట్టు తలుపులు మూసేసి, ఆ పూటంతా అరుగుమీదే కూర్చుండిపోయాను. రాజమండ్రి కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పిన మనిషి. నేను పంచదార అమ్ముకునేవాణ్ణి. అయినా నేనీవేళ బజారులో తలెత్తుకు తిరుగుతున్నానంటే ఆయన చలవే.

ఒక ఏడు కాకినాడ నుంచి పడవలో వచ్చిన పంచదారకు తీపి చాలలేదు. "శెట్టిగారే ఏదో కలుపుతున్నారు" అన్న మాట ఊరంతా పాకింది. పెళ్లివారు సరుకు తిప్పికొట్టారు. ఆడవాళ్ల చూపులకు తట్టుకోలేక మా ఆవిడ గోదారికి నీళ్లకు వెళ్లడం మానేసింది.

పొట్లం పట్టుకుని మేష్టారింటికి వెళ్లాను. చిటికెడు నోట్లో వేసుకుని, "నాలుక అనుమానం చెబుతుందండి, పాళ్లు చెప్పదు. కాస్త ఓపిక పట్టండి" అన్నారు.

ఆయన దగ్గర ఒక చిన్న పింగాణీ పాత్ర ఉండేది. దాని గోడల్లోంచి నీరు దూరుతుంది గాని చక్కెర దాటదు. నా పంచదార నీళ్లలో కరిగించి అందులో పోసి, మూత బిగించి మంచినీళ్లలో దింపారు. బయటి నీరు లోపలికి చొరబడి గాజుగొట్టంలో పాదరసాన్ని పైకి తోసింది. అంతే బరువున్న కల్తీలేని పంచదార తోసినదానికన్నా ఎత్తుకు!

"ఇందులో ద్రాక్షచక్కెర, అదే గ్లూకోజు, కలిసినట్టుందండి. దానికి తీపి తక్కువ, అణువు చిన్నది. అదే బరువులో ఎక్కువ అణువులుంటాయి, ఎక్కువ తోస్తాయి" అన్నారు. తరవాత తానే రెండు చక్కెరలూ రకరకాల పాళ్లలో కలిపి, పాదరసం సరిగ్గా ఆ ఎత్తుకు వచ్చేదాకా చూశారు.

కబురంపి, నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. "కల్తీయేనండి. నాలుగింట ఒక పాలు."

"నేను కలపలేదు మేష్టారూ!"

"తెలుసండి. విప్పని బస్తా ఏదైనా ఉందా?"

దాన్లోనూ అదే పాలు. కల్తీ మా కొట్టుకు రాకముందే జరిగింది. ఆయన మా అరుగుమీద నిలబడి వచ్చినవాళ్లందరికీ ఆ సంగతి విడమర్చి చెప్పారు. నేను సరుకంతా వెనక్కి పంపేశాను. మర్నాడు మేష్టారి ఇల్లాలు బిందెతో మా గుమ్మంలోకి వచ్చి, "రండి వదినగారూ, కలిసెళదాం" అన్నారు. మా ఆవిడ కళ్లు తుడుచుకుని లేచింది.

ఆయన్ని చివరిసారి చూసింది ఈ ఏటి వరదల్లో. రేవు మెట్లమీద కూర్చుని, ఎర్రటి గోదారి నీళ్లు గాజుగ్లాసులో పట్టి ఎండకేసి చూస్తున్నారు. ఇల్లాలు భోజనానికి పిలిచారు.

"ఒక్క క్షణం. నీళ్లింకా తేరుకోలేదు."

ఆవిడ నవ్వి, కొంగు సర్దుకుని ఆయన పక్కనే కూర్చున్నారు. ఇద్దరూ ఆ గ్లాసుకేసే చూస్తున్నారు.