ఒట్టికాళ్ల ఇన్‌స్పెక్టర్ అనని మాట

నజియా ఇంటి మీద కొత్త డిష్ పెట్టిన వారంలోనే మన్నూబియాను అందరి ముందూ అబద్ధాలకోరు అన్నారు. అన్నవాళ్లలో మా అమ్మ ఫౌజియా కూడా ఉంది.

అంతకు ముందు చాలా ఏళ్లు మా వీధి ఆడవాళ్లకు గురువారం సాయంత్రమంటే మన్నూబియా ఇల్లే. మా రేవు ఊరు కెలీబియాలో యాంటెన్నాలన్నీ సముద్రం వైపే తిరిగి ఉండేవి. మా దేశపు చానెల్లో ప్రసంగాలు వచ్చేవి, అవతలి ఒడ్డున ఇటలీ వాళ్ల దీవి సిసిలీ వైపు నుంచి కథలు వచ్చేవి. అందులో ఒకటి ఒట్టికాళ్ల ఇన్‌స్పెక్టర్ కథ. ఆ పేరు మా వీధి పెట్టుకున్నదే. ఎక్కడో తూర్పు దేశపు రేవులో దొంగసరుకు పట్టే పోలీసు అతను. చేతిలో తుపాకీ ఉండదు. దెబ్బలాటకు ముందు బూట్లు విప్పి, మేజోళ్లు మడిచి వాటిలో పెట్టి, అప్పుడు లేస్తాడు. దొంగలు అంతసేపూ మర్యాదగా నిలబడి చూస్తుంటారు. చదువుకున్నవాళ్లు దీనికి నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. కొట్టబోయే ముందు ఆగే మగవాణ్ణి మా వీధి ఆడవాళ్లు అంతకు మునుపు చూడలేదు.

మాటలన్నీ ఇటాలియన్. మన్నూబియా పెళ్లయిన కొత్తలో మొగుడితో సిసిలీ వెళ్లి, అక్కడ ఒక ముసలావిడ ఇంట్లో పని చేసింది. మొగుడు ఇంకొకదాన్ని చూసుకుని ఈమెను పడవెక్కించేశాడు. ఊళ్లో ఆమెకు మిగిలింది ఒక గది, ఒక టీవీ, ఆ భాష. టీవీ పక్కన పీట వేసుకుని, ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచినప్పుడల్లా ఆమె మా అరబిక్‌లో చెప్పేది. ఆడవాళ్లు చాప మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ వినేవారు. ఆమె గొంతు వణికితే కొరకడం ఆపేసేవారు.

తర్వాత ఆ సీరియల్‌నే అరబిక్ మాటలతో వేరే చానెల్ మళ్లీ వేసింది. నజియా అందర్నీ పిలిచింది. మన్నూబియాను మెత్తటి దిండు మీద కూర్చోబెట్టింది. నేను అమ్మ ఒళ్లో ఉన్నాను. రేవులో ఏడుస్తున్న అమ్మాయి దగ్గరికి ఇన్‌స్పెక్టర్ వచ్చే చోటు రాగానే అందరూ ముందుకు జరిగారు. అక్కడ అతను ఏమంటాడో వాళ్లకు నోటికి వచ్చు: "నీమీద చెయ్యెత్తే హక్కు ఎవరికీ లేదు. లే. తల ఎత్తి ఇంటికి వెళ్లు."

టీవీలో ఇన్‌స్పెక్టర్ అన్నాడు: "ఆ పడవ నంబరు ఎంత?"

ముందు ఒకావిడ నవ్వింది. తర్వాత ఇల్లంతా నవ్వింది.

"ఏమే మన్నూబియా," అంది నజియా కళ్లు తుడుచుకుంటూ, "ఇన్నేళ్లూ మాకు గాలి మూటగట్టి ఇచ్చావన్నమాట! సిసిలీలో నువ్వు మాట్లాడింది మనుషులతోనా, మేకలతోనా?"

"చేపలతోనేమోలే," అంది ఇంకొకావిడ.

మా అమ్మ మాత్రం నవ్వలేదు. "ఆ మాట పట్టుకునే కదే నేను మా అత్తకు ఎదురుతిరిగాను!" అని అరిచింది. "పోలీసోడే అన్నాడని ఆవిడ మొహం మీదే చెప్పానే! ఇప్పుడు ఆవిడకు తెలిస్తే నా బతుకేంటి? రాని భాష రాదని చెప్పడానికి నీకేం రోగం?"

మన్నూబియా పైట తల మీదకు లాక్కుని లేచింది. గుమ్మం దాటి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె ఇంటికి ఎవరూ వెళ్లలేదు. సార్డీన్ల ఫ్యాక్టరీలో అందరితో పాటే చేపలు డబ్బాల్లో పేర్చేది. రొట్టె మాత్రం గోడవైపు తిరిగి ఒంటరిగా తినేది.

ఇదంతా నేను మర్చిపోయి ఉండేవాణ్ణే. బడి మానేసి, దొరికిన పుస్తకమల్లా చదివి, ఏ పనికీ కుదరక రేవులో వలలు బాగుచేస్తున్న రోజుల్లో, ఒక వేసవి సాయంత్రం తెరచాప పడవలో ఇటలీ ముసలి దంపతులు దిగారు. కాగితాల గురించి కాపలావాడితో పెద్ద గొడవ. అతనికి వాళ్ల మాట రాదు, వాళ్లకు ఇతని మాట రాదు. ఫ్యాక్టరీ నుంచి ఇంటికి పోతున్న మన్నూబియా ఆగి, ముసలాయనతో గడగడా ఏదో అంది. అతను బిత్తరపోయాడు. అతని పెళ్లాం పగలబడి నవ్వింది. ముగ్గురూ కాసేపట్లో చుట్టాల్లా వాదించుకుంటున్నారు. కాపలావాడు ముద్ర వేసేశాడు.

నేను వల అక్కడే పడేసి ఆమె వెనకాలే వెళ్లాను.

"పిన్నీ, నీకు భాష వచ్చు."

"ఎవరు రాదన్నారు?"

"అందరూ అన్నారు. మా అమ్మ అంది."

"టీ తాగుతావా, తీర్పు చెప్తావా? రెండూ అయితే చక్కెర నువ్వే తెచ్చుకో."

పుదీనా వేసి టీ పోసింది. నా ఫోన్‌లో ఆ సీరియల్ వెతికి, ఇటాలియన్ మాటలతో ఉన్నది పెట్టి ఆమె ముందుంచాను. రేవు దగ్గరి ఘట్టం వచ్చింది. ఇన్‌స్పెక్టర్ అడిగాడు. అతనితో పాటే ఆమె పెదవులు కదిలాయి.

"పడవ నంబరే అడుగుతాడు," అంది చివరికి. "నాకు తెలీదా? ఆ రోజు మీ అమ్మ ఇక్కడ, నువ్వు కూర్చున్న చోటే కూర్చుంది. చెంప మీద మీ నాయనమ్మ అయిదు వేళ్లూ తేలి ఉన్నాయి. ఎవరూ అటు చూడటం లేదు, టీవీనే చూస్తున్నారు. పడవ నంబరని చెప్పమంటావా?"

"ఒక్క ఆ రోజేనా?"

"ఎక్కడరా! ఆ మనిషికి మాటలేమున్నాయి? కదలకు, చేతులెత్తు, సరుకెక్కడ. తన్నడం ఒక్కటే బాగా వచ్చు. దానికి నేనేం కలపక్కర్లేదు." ఫోన్ నాకు తిరిగిచ్చేసింది. "మొగుడు నన్ను పడవెక్కించిన రోజు అలాంటివాడొకడు రేవులో ఉంటే ఏమనేవాడో, అదే చెప్పేదాన్ని."

నాకు ఒళ్లు మండిపోయింది. ఈ వీధిని ఒక్కసారైనా సిగ్గుపడేలా చెయ్యాలనిపించింది. ఇప్పుడే వెళ్లి అమ్మకు చెప్తాను, నజియాను నడివీధిలో నిలబెట్టి చెప్తాను, నీకు భాష వచ్చని రుజువు చేస్తానని లేచాను. ఆమె నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆ నెలలోనే నేను పని వెతుక్కుంటూ స్ఫాక్స్ నగరానికి వచ్చేశాను. ఆమెను మళ్లీ చూడలేదు. అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. అమ్మకు చదవడం రాదు కాబట్టే రాస్తున్నాను. ఆ సాయంత్రం మన్నూబియా అన్నది ఇది:

"నోరు మూసుకో నాయనా. నాకు భాష రాదనే అనుకోనీ. రాక తప్పు చెప్పిందని అనుకుంటే, పోనీలే పాపం అని ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒకరు వస్తారు. భాష వచ్చి ఉండే, కావాలని మార్చి చెప్పిందని తెలిస్తే, మీ అమ్మ ఈ గడప ఇంక తొక్కుతుందా?"