బొట్టు పెట్టిన హార్డ్ డిస్కు

కొల్లేటి ఊళ్ళలో పెద్దవాళ్ళు పాడే పాటలు రికార్డు చేసి దాచాలని మేం కొందరు టీచర్లం ఒక సంఘంగా చేరాం. ఏలూరులో ఒక గది, అందులో ఒక కంప్యూటరు, అంతే మా ఆస్తి. అది పాడైతే పాటలన్నీ పోతాయి కాబట్టి రెండో ప్రతి ఎక్కడ దాచాలన్న చర్చ వచ్చింది. మాలో కంప్యూటర్లు తెలిసిన మాస్టారు, "హార్డ్ డిస్కులో ఒకటి, ఇంటర్నెట్‌లో ఒకటి పెడదామండీ" అన్నారు.

నేను ఒంటికాలిమీద లేచాను. "ముక్కూ మొహం తెలియనివాళ్ళ దగ్గర మన పాటలు దాచడమేంటండీ? డిస్కు చాలు. తాడేపల్లిగూడెంలో మా ఇంటి బీరువాలో పెడతాను, నా కళ్ళముందే ఉంటుంది." నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని అందరికీ తెలుసు. ఆయన నవ్వి ఊరుకున్నారు.

కొత్త పాటలు వచ్చినప్పుడల్లా డిస్కును ఏలూరు తీసుకెళ్ళి, ఎక్కించి, మళ్ళీ బీరువాలో పెట్టేదాన్ని. దసరా దాకా పద్ధతిగానే సాగింది. ఏలూరు గదిలో ఆయుధపూజకు బయల్దేరుతూ బీరువా తెరిచాను. కంప్యూటరుకూ మైకుకూ పూజ చేసి, ఇంత సేవ చేస్తున్న డిస్కును వదిలేస్తే ఎలా అనిపించింది. సంచిలో వేసుకుని వెళ్ళాను. కంప్యూటరు పక్కనే పెట్టి, బొట్టు పెట్టి, బంతిపువ్వు పెట్టి, ముందు దీపం వెలిగించాను. పూజలో పెట్టిన వస్తువును ఆ రోజు కదపకూడదు, దీపం ఆర్పకూడదు. రెండు నియమాలూ పాటించి, గదికి తాళం వేసి వచ్చేశాను.

సాయంత్రానికి బల్లమీది గుడ్డ అంటుకుంది. జనం వచ్చి ఆర్పేసరికి కంప్యూటరు, డిస్కు రెండూ కాలిపోయాయి. మాస్టారు వాటిని విజయవాడ దాకా మోసుకెళ్ళి చూపించారు గానీ లాభం లేకపోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

చాలామంది మళ్ళీ పాడారు. మిగిలింది కొల్లేటికోట మామ్మగారు. దోనె తోస్తూ పాడే పాటలు ఆవిడకు వచ్చినన్ని ఎవరికీ రావు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? పండగలు కానీ అనుకున్నాను, ఆ తర్వాత స్కూల్లో పరీక్షలన్నాను. సిగ్గుకు వంకలు కరువా? ఈలోగా ఆవిడ కన్నుమూసింది.

కూతురు ఏలూరు వచ్చింది. "పెద్దకర్మ నాడు అందరికీ అమ్మ పాట వినిపిద్దామనండీ, టీచరుగారూ" అంది. జరిగిందంతా చెప్పాను. "పోనీలెండి, మీరేమన్నా కావాలని చేశారాండీ" అంది. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

నా ఫోనులో ఒక చిన్న ముక్క ఉందని అప్పుడు గుర్తొచ్చింది. మైకు పెట్టేముందు సరదాగా తీసింది. పాట లేదు, ఆవిడ మాటలే. పంపిస్తానని చెప్పి, ఇంటికొచ్చి విన్నాను. ఆవిడ నవ్వుతూ తన ఊరు చెప్పింది, తన పేరు చెప్పింది. చివర, "ఇది ఎక్కడికీ పోదు కదండీ టీచరుగారూ?" అని అడిగింది. వెంటనే నా గొంతు: "మా బీరువాలోనే ఉంటుంది మామ్మగారూ, ఎక్కడికి పోతుంది?"

ఆ ధీమా భరించలేకపోయాను. నా మాటలు కత్తిరించి, మిగిలింది పంపాను.

మర్నాడు కూతురు ఫోను చేసింది. "అచ్చం ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టుందండీ" అని ఏడ్చింది, నవ్వింది. తర్వాత అడిగింది: "అమ్మ అలా అడిగితే మీరేమన్నారండీ? అక్కడితో ఆగిపోయింది."

"పోదన్నానమ్మా" అన్నాను.