పద్మకు రేపటి కాల్

మా చిన్నప్పుడు... పొద్దుగూకంగనే మా నాయిన సైకిలేసుకొని కృష్ణానగర్ గల్లీలన్నీ తిరిగేటోడు. సినిమా కంపెనీల ప్రొడక్షన్ పని ఆయనది. చిన్న చిన్న వేషాలేసేటోళ్ల రూం రూంకు పోయి "రేపు ఆరింటికి బండొస్తది, తయారుండుండ్రి" అని కాల్ చెప్పాలె.

అందరికి చెప్పి ఇంటికొచ్చినంక, ఆఖరి కాల్ మా చెల్లె పద్మకు.

"పద్మమ్మా... రేపు ఏడింటికి స్నానం. ఎనిమిదింటికి బడి. ఒంటిగంటకు పెరుగన్నం. నాలుగింటికి అత్తమ్మ వస్తది, గట్టిగ మాట్లాడ్తది, చెవులు మూసుకో."

"సరే" అనేది. మొకం చూసేది కాదు.

చెప్పకుండ ఏదన్న మారితే పిల్ల ఆగమయ్యేది. కంచం మారినా ఏడుపే. ఎవ్వరితోని ఆడదు, బస్సు నంబర్లు మాత్రం అన్నీ నోటికే. గల్లీల పొగరన్నరు, దయ్యం పట్టిందన్నరు. ఆగకుండ అవే చదువుతదని నేను 'రేడియో' అని పేరు పెట్టి నవ్వేటోన్ని...

అందర్ని సతాయించేటోన్ని, ఆమెను ఇడుస్తనా? ఒకసారి నాయిన ఊరికి పోయిండు. కాల్ నేను చెప్పిన. "రేపు బడి లేదు పద్మా. ఆరింటికి బండొస్తది, ఫిల్మ్‌నగర్‌ల షూటింగ్ చూడవోతున్నం."

తెల్లారి ఐదున్నరకే రిబ్బన్లు కట్టుకొని వాకిట్ల నిలబడ్డది. ఆరయింది... తొమ్మిదయింది...

"ఉత్తగన్ననే, లోపలికి రా."

"కాల్ చెప్పినవ్ గదా."

ఎండెక్కినా కదల్లే. మధ్యాహ్నం అమ్మ జూబ్లీహిల్స్‌ల పని చేసే ఇంటికాడి నుంచి వచ్చి ఎత్తుకపోయింది. మూడు దినాలు నేను పిలిస్తే అమ్మ కొంగెన్క దాక్కునేది.

నాయిన వచ్చి కొట్టలే. "తప్పుడు కాల్ చెప్తే ఆ మనిషి మళ్ల నిన్ను నమ్మదురా" అన్నడు. అంతే.

మొన్న మా మనుమన్ని బంజారాహిల్స్‌ల చూపిస్తే డాక్టరమ్మ 'ఆస్పర్జర్' అన్నది. ఇప్పుడు ఆటిజంలనే కలిపిండ్రంట. "రోగం కాదండీ, బాబు మెదడు తీరే అంత. రేపేముందో ముందే చెప్పండి. చప్పుడు తగ్గించండి. మార్పుంటే మెల్లగా అలవాటు చేయండి" అని కాగితం మీద రాసిచ్చింది. ఏడో క్లాసుకే చదువుకు దండం పెట్టినోన్ని... గని ఆ కాగితం నాకు కొత్తగ అనిపియ్యలే. మా నాయిన సైకిల్ దిగి చెప్పిందే.

నాయిన లేడు. ఇప్పుడు పొద్దుగూకంగనే మనుమనికి కాల్ నేనే చెప్త. రోజూ అదే, చెప్పి చెప్పి నోరు నొస్తది. ఎన్కనే అమ్మ దగ్గరుండే పద్మకు ఫోన్ చేసి రేపటి కాల్ చెప్త. యాభైకి దగ్గరవడ్డది.

"సరే" అంటది. "ఫోన్ వదినకియ్యి" అంటది. మా ఇంటామెను మళ్ల అడిగి ఖాయం చేసుకుంటది.

ఇన్నేండ్లయింది... నా కాల్ ఇంకా నమ్మలే.

అప్పుడు పేరు తెల్వక పొగరన్నం. ఇప్పుడు పేరు తెలిసింది, మనం ముసలోళ్లమయినం. మీ ఇండ్లల్ల గిసుంటోళ్లను ఏమని పిలిచిండ్రో జర చెప్పుండ్రి... ఈసారి నవ్వ.