దాలమ్మ ఢిల్లీ వెళ్ళొచ్చింది

భావనపాడులో చేప తగ్గిపోయాక దాలమ్మ మొగుడు ఎర్రన్న కూడా అందరిలాగే వేటకు గుజరాత్ వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆ ఏడు వాళ్ళ బోటు సరిహద్దు దాటిందని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుపోయి కరాచీ జైల్లో వేశారు.

ఎండాకాలంలో ఢిల్లీ నుంచి ఒక సహాయమంత్రి ఊరికొచ్చాడు. తెలుగువాడే, విదేశాల సంగతులు చూసే శాఖ. ఇసకలో కూలబడి ఏడుస్తున్న దాలమ్మ చేతులు పట్టుకుని, "నీ భర్తను తెచ్చే పూచీ నాదమ్మా. ఓసారి ఢిల్లీ వచ్చి గుర్తుచెయ్యి, చాలు" అన్నాడు.

ఆ మాట పట్టుకునే ఆమె బతికింది. ఎర్రన్నకు ఉబ్బసం, చలి పడదు. చలికాలం ముదరకముందే తెచ్చుకోవాలని మరిది సోముల్ని వెంటబెట్టుకుని విజయనగరంలో ఢిల్లీ రైలెక్కింది.

నాగపూర్ దాటాక సోములు ఫోన్ మోగింది. విని, కిటికీ వైపు తిరిగి కూచున్నాడు.

"ఏటిరా?"

"కేంద్రంలో మంత్రుల్ని మార్సేసినారట ఒదినా. మన బాబుని తీసేసినారు."

"తీసేత్తే ఏటి? మాటిచ్చిన మడిసి ఉన్నాడు గదా!"

మర్నాడు ఢిల్లీలో దిగారు.

ఆ మంత్రి బంగళా వెతుక్కుంటూ వెళ్ళేసరికి గేటుకున్న పేరుపలక ఊడదీస్తున్నారు. వరండాలో ఆయన గడ్డం కూడా గీసుకోకుండా ఒంటరిగా కూచునున్నాడు. దాలమ్మ కాళ్ళ మీద పడింది. ఆయన లేవదీసి, టీ ఇప్పించి, మర్యాదగానే అడిగాడు.

"మీది ఏ ఊరమ్మా?"

దాలమ్మ చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. తీసేశారన్నప్పుడు కూడా ఆమె ఇంతలా బెదరలేదు. సోములే ఊరు చెప్పాడు, ఎర్రన్న పేరు చెప్పాడు.

"ఆ శాఖ ఇప్పుడు నాది కాదు కదమ్మా. కొత్తాయన్ని కలవండి."

కొత్తాయన ఆఫీసు గేటు దగ్గర పడిగాపులు కాశారు. పూలదండలతో నిండిన కారొకటి ఆగకుండా లోపలికి పోయింది. సోములు వచ్చీరాని హిందీలో బతిమాలితే, అక్కడివాళ్ళు కొత్తగా అర్జీ పెట్టుకోమన్నారు. పెట్టి ఇంటికొచ్చారు.

చలి తగ్గుముఖం పట్టే రోజుల్లో కబురొచ్చింది. ఎర్రన్న జైల్లోనే ఊపిరాడక పోయాడు. శవం ఊరు చేరడానికి ఇంకెన్నో రోజులు పట్టింది. పెట్టె దింపిన ఉద్యోగి, తెరవొద్దమ్మా, చూడలేవు అన్నాడు.

"తెరండి," అంది దాలమ్మ. "మా మడిసో కాదో నాను సూడాల. మీ మాట నాను నమ్మను."

సోములు మేకులు ఊడబీకాడు. లోపల ఎముకల గూడులా చిక్కిపోయిన మనిషి, నెరిసిన గడ్డం. దాలమ్మ వంగి చాలాసేపు చూసింది.

"మా మడిసే" అంది.

ఏడుపు రాలేదు. పెట్టె పక్కనే ఇసకలో కూచుండిపోయింది.